డిప్పల కాంపౌండర్

డిప్పల కాంపౌండర్ పోయిండని మొన్న పొద్దుగాల తెలిసింది. నేను దుకాణం షటర్ లేపుతున్న. రోడ్డు అవతలికెళ్లి చాయ్ హోటలాయన ఒర్రిండు, “అన్నా, నీ దోస్తు పోయిండటనే!” అని. దోస్తు అన్న మాటకు నాకు పెయ్యి మండింది. పోయినందుకు బాధ తర్వాత సంగతి, ముందుగాల వానికి నాకు దోస్తానా ఏంది అని కోపమొచ్చింది.

మనిషి పోయినంక నాలుగు మంచి మాటలు చెప్పాలంటరు. నేను గూడ మస్తుమందికి చెప్పిన. మెదక్‌ల ఎవలు పోయినా, ఎవలు రిటైరైనా మైకు నా చేతులకే వస్తది. నాది చౌరస్తా దగ్గర జిరాక్స్ దుకాణం, పేరుకు దుకాణం, అసలు పని మాట్లాడుడు. కాని గీ మనిషి గురించి మంచిగ చెప్పుమంటే నాకు నోరు రాదు. ఏండ్లకేండ్లు తిట్టిన నోరది. అందుకే ఉన్నదున్నట్టు చెప్త, ఇనుండ్రి.

సన్నగ, పొడుగ్గ, ఎండిన జొన్నకట్టె లెక్క ఉంటుండె. ఒక భుజానికి సంచి, సంచిల గొడ్లకేసే సూదులు, గోలీలు. పశువుల దవాఖానల కాంపౌండర్. నడుముకు బెల్టు, బెల్టుకు వాక్‌మన్, నెత్తి మీదికెళ్లి ఒక ఇనుప పట్టీ, రెండు చెవులకు రెండు నల్ల స్పాంజి డిప్పలు. ఆ డిప్పలతోనే దవాఖానకు పోతుండె, డిప్పలతోనే ఆనక్కాయ బేరం చేస్తుండె, డిప్పలతోనే చావుకు వచ్చిండు ఒకసారి, పాడె లేసెటప్పుడు మాత్రం తీసి మెడల ఏసుకున్నడు. డిప్పల కాంపౌండర్ అని పేరు పెట్టింది నేనే. ఊరంత అదే పట్టుకున్నది. మొఖం మీద నేను అన్నా అంటుంటి, నాకన్న ఏడెనిమిదేండ్లు పెద్దోడు. ఎనకకెళ్లి వాడు, వీడు. ఇక్కడ గూడ గట్లనే చెప్త, అలవాటు పోదు.

వానికి ఆ తిక్క ఎక్కిన దినం నేను పక్కనే ఉన్న. కేబుల్ కొత్తగ వచ్చిన రోజులు. చాయ్ హోటల్ల టీవీ పెట్టిన్రు. ఒకనాడు చానళ్లు మారుస్తుంటె ఏదో ఇంగ్లీష్ పాట తగిలింది. నలుగురు మొగోళ్లు, నలుగురికి భుజాల దాక ఎంటికలు. ఒకడు అంగీ లేకుండ డ్రమ్ముల మీద పడి బాదుతుండు, ఇద్దరు గిటార్లను పట్టుకోని సంపుతున్నరు, ఒకడు మెడ నరాలు తేలంగ ఒర్రుతుండు. “మార్చుండ్రి నాయనా, చెవులు పోతున్నయి!” అని హోటలంత లొల్లి. నేను గూడ ఒర్రిన. వీడొక్కడు చాయ్ గిలాస పట్టుకోని టీవీ ముంగట నిలవడ్డడు. చాయ్ మీద మీగడ కట్టింది.

“ఏమైందన్నా, చాయ్ సల్లారుతుంది,” అన్న.

“గది ఏం పాట తమ్మీ?”

“పాటనా గది? దయ్యం పట్టినోళ్ల లొల్లి.”

“లొల్లే,” అన్నడు. “కాని ఎంత సక్కటి లొల్లి!”

టీవీ కింద మూలకు ఇంగ్లీష్ అక్షరాలల్ల ఆ గుంపు పేరు పడ్డది. వాడు జేబుల పెన్ను తీసి అరచేతుల గీసుకున్నడు. పూర్తిగ రాసుకునేలోపల చానల్ మారింది. సగం పేరే దక్కింది. దాన్ని సూదుల డబ్బ మీదికి ఎక్కిచ్చుకోని, ఐతారం నాడు నర్సాపూర్ మీదికెళ్లి పోయే బస్సెక్కి హైదరాబాద్ పోయిండు. ఆబిడ్స్‌ల ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, పాత క్యాసెట్లు పరుస్తరు గద, అక్కడ డబ్బ మీది సగం పేరును ఒక్కొక్క క్యాసెట్‌కు ఆనిచ్చి చూసుకుంట దేవులాడిండట. మాపటికి దొరికింది. తెచ్చి నాకు చూపెట్టిండు, పుట్టిన బిడ్డను చూపెట్టినట్టు.

“ఇనెతందుకు ఏముందన్నా నీ దగ్గర?” అన్న.

“అదే ఆలోచన చేస్తున్న తమ్మీ.”

అల్లాదుర్గ్ దిక్కు ఒకాయన దుబాయ్‌కెళ్లి వచ్చినప్పుడు వాక్‌మన్ తెచ్చుకున్నడు. ఆయన మేకల మందకు రోగం తగిలితె వీడు వారం దినాలు పోయి సూదులేసి బతికిచ్చిండు. ఏం కావాల్నో అడుగుమన్నడట ఆయన సంబురంల. తెలివున్నోడు మేకపోతును అడుగుతడు. వీడు చెవులకు డిప్పలు అడిగిండు.

గప్పటిసంది ఇగ చూడాలె వాని తమాష. మెదక్‌ల ఇంగ్లీష్ పాట అంటే జనానికి చర్చే యాదికొస్తది. మా గల్లీల ఒక అవ్వ వాన్ని ఆపి అడిగింది, “ఏసు పాటలా బిడ్డా? మతంల కలిసినవా?” అని.

వాడు ఒక డిప్ప లేపి, “కాదవ్వా, ఇవి కోపం పాటలు,” అన్నడు.

“ఎవల మీద బిడ్డా కోపం?”

“ఎవల మీద లేదవ్వా. ఉత్తగనే.”

“అట్లనా. మా ముసలోడు గూడ గంతే,” అని అవ్వ ఆకువక్క నములుకుంట పోయింది.

వానికి ఇంగ్లీష్ రాదు. సూదిమందు బుడ్ల మీది పేర్లు చదువుతుండె, గంతే. నేను డిగ్రీ చదివినోన్ని. ఒకసారి పేపర్ బండిల్స్ తేనీకి హైదరాబాద్ పోతుంటె బస్సుల నా పక్కకొచ్చి కూసున్నడు. కూసోని క్యాసెట్ బయటికి తీసి, దాని చక్రంల పెన్ను దూర్చి గిరగిర తిప్పుడు మొదలువెట్టిండు. బటన్ నొక్కితే సెల్లులు ఖర్చయితయని మొదటిదాక చేతులతోనే తిప్పుడు. బస్సుల ఆడోళ్లు మొఖాలు మొఖాలు చూసుకుంటున్నరు. నాకు సిగ్గయి కిటికీల నుంచి నర్సాపూర్ అడవి చూసుకుంట కూసున్న. తిప్పుడైనంక డిప్పలు తీసి నా చెవులకు పెట్టిండు. పోచమ్మ గుడి కాడ డప్పులన్ని ఒక్క డబ్బల పోసి కలియబెట్టినట్టుండె.

“ఏమంటుండన్నా వాడు?” అన్న, నాకు సగం సమజయినా వానికేం తెల్సో చూద్దామని.

“ఎవలకెరుక తమ్మీ. మాటలు కాదు, ఇది విను. ఎడమ చెవుల ఒక గిటార్ వాడు, కుడి చెవుల ఒక గిటార్ వాడు. ఒకడు అడుగుతడు, ఒకడు చెప్తడు. ఇద్దరు కొట్లాడుకుంటరు, నడుమల నేను.” వాని కండ్లల్ల నీళ్లున్నయి. బస్సుల, గంతమందిల, ఒక సర్కారు కాంపౌండర్ కండ్లల్ల నీళ్లు! నాకైతే చీదర లేసింది. డిప్పలు తీసి వాని ఒళ్లె పడేసిన.

ఇంకొక్క అలవాటుండె. ఎవలన్న మాట్లాడుతుంటె చూపుడేలు లేపి, “జర ఆగు, డ్రమ్ముల ముక్క వస్తుంది,” అంటుండె. ఎదుటోడు నోరు తెరిచి నిలవడాలె. ముక్క అయిపోయినంక ఏలు దించి, “ఆఁ, చెప్పు,” అనుడు. నేను మైకు పట్టుకుంటె ఎమ్మెల్యేలు గూడ వింటరు. వీడు నాకు ఏలు చూపిచ్చిండు. ఒకసారి కాదు.

దానికి నేను నా తీరుల కసి తీర్చుకున్న. డిప్పలు చెవులకున్నంతసేపు వాడు చెవిటోని కింద లెక్క గద. వాడు దుకాణం ముంగట నుంచి పోతుంటె గట్టిగనే అంటుంటి, “వచ్చిండు చూడుండ్రి బర్రెల డాక్టర్. వీని కన్న బర్రెలకు తెలివెక్కువ.” అందరు నవ్వుతుండిరి. “నెత్తిల గుజ్జు లేదు, అందుకే పాటలతోని నింపుకుంటుండు,” అంటుంటి. వాడు నా దిక్కు చూసి జరంత నవ్వి, తల ఊపుకుంట పోతుండె, నేనన్న దానికి ఔను ఔను అన్నట్టు. గది చూసి జనం ఇంక నవ్వుడు. నా దుకాణం ముంగట అదో రోజువారి ఆట. చాయ్ తాగెటోళ్లు వాడు ఎప్పుడొస్తడా అని ఎదురుచూసుడు గూడ నేను ఎరుగుదు.

ఒక్కసారి మాత్రం వానితోని నాకు అవసరం పడ్డది. అల్లాదుర్గ్‌ల మా మేనమామ బర్రె ఈనలేక తండ్లాడుతుందని ఫోన్ వచ్చింది. డాక్టర్ లేడు. వీని మోపెడ్ ఎనక కూసోని పోయిన. బర్రె కింద పడి కండ్లు తేలేసింది. మా అత్త కొంగు నోట్లె కుక్కుకోని ఏడుస్తుంది. ఆ ఇంటికి ఆ బర్రె పాలే ఆధారం. వీడు అంగీ ఇప్పి, చేతికి మోచేయి దాక నూనె రాసుకోని, ఏం చేసిండో తెల్సా? వాక్‌మన్ బటన్ నొక్కి డిప్పలు చెవులకు పెట్టుకున్నడు! అటెనక చెయ్యి లోపటికి పెట్టిండు. కండ్లు మూసుకోని తల ఊపుకుంట లోపట ఏదో సర్దుతుండు. మా మామ నా దిక్కు చూసిండు, ఎవన్ని తెచ్చినవురా అన్నట్టు. సిగ్గుతోని సచ్చిపోయిన. గంట సేపయినంక దూడ కాళ్లు ముందుకొచ్చినయి, వాడు గుంజిండు, దూడ బతికింది, బర్రె బతికింది. బర్రె గట్టిది కాబట్టి బతికిందని నేను మామకు చెప్పిన.

తిరిగొచ్చేటప్పుడు దులిపిన. “పానాలు పోతుంటె పాటలేందన్నా? జర సోయి ఉండాలె గద మనిషికి.”

“నా చేతులు వణుకుతయి తమ్మీ,” అన్నడు మోపెడ్ నడుపుకుంట. “దూడ కాళ్లు చేతికి తగులుతయి గద, గప్పుడు మస్తు భయమైతది నాకు. పాట నడుస్తుంటె చేతులు దాని లెక్కన నడుస్తయి.”

ఇరవై ఏండ్ల సర్వీసుల గూడ బర్రెకు భయపడెటోడు ఇంక దేనికి పనికొస్తడు అనుకున్న.

అటెనక ఉద్యమం వచ్చింది. చౌరస్తాల టెంటు, టెంటు కింద దీక్షలు, దీక్షల ముంగట నా మైకు. నా జీవితంల నేను మనిషినైన రోజులవి. నేను మాట్లాడుతుంటె అవ్వలు ఏడుస్తుండిరి, పోరగాండ్లు లేసి నిలవడుతుండిరి. వీడు గూడ డ్యూటీ అయినంక వస్తుండె. ఎనక వరుసల బొంతల మీద కూసుంటుండె. అప్పటికి అందరి జేబులల్ల ఫోన్లు, ఫోన్లల్ల వందల పాటలు. వీడు ఇంక గదే వాక్‌మన్, గవే డిప్పలు. జై కొట్టడు, చెయ్యి లేపడు.

“తెలంగాణ వద్దా అన్నా నీకు?” అని ఒకనాడు గట్టిగ అడిగిన.

“ఎందుకొద్దు తమ్మీ? నువ్వు మాట్లాడుతున్నవు, నేను కూసున్న,” అన్నడు.

ఒక్క పనికి మాత్రం అక్కరకొస్తుండె. నా కార్డ్‌లెస్ మైకుల రెండు పెన్సిల్ సెల్లులు పడుతయి. వాని వాక్‌మన్ల గూడ గవే రెండు. మైకు మధ్యల ఆగినప్పుడల్ల నేను ఎనక వరుసకు పోయి వాని బెల్టుకు చెయ్యి పెట్టి సెల్లులు గుంజుకుంటుంటి. “ఉద్యమం కన్న నీ ఒర్రుడు ఎక్కువనా?” అంటుంటి. కొత్తయి తెచ్చిస్తనని చెప్పుడే, ఇచ్చింది ఎన్నడు లేదు. వాడు డిప్పలు మాత్రం తియ్యకపోతుండె, పాట లేకున్న అట్లనే పెట్టుకోని కూసుంటుండె.

వంటావార్పు నాటి ముచ్చట చెప్త. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి, బగోనలల్ల అన్నం, పప్పు వండి అక్కడనే తినుడు. రోడ్డు పొడుగూత జనం. నేను పొద్దటిసంది మాట్లాడుతున్న. నడుమల మైకు గురగురలాడి ఆగింది, సెల్లులు మార్చి మల్ల అందుకున్న. ఆడోళ్లు అన్నం గంజి వంపుతున్నరు. గప్పుడు మన ఊరోళ్లు కాని పోలీసులు బండ్లు దిగిన్రు. సీటీ కొట్టిన్రు. లాఠీలు లేసినయి.

ఆ దినం నేను ముందు వరుసల ఉన్ననని ఇన్నేండ్లు చెప్పుకుంట వచ్చిన. ముందు వరుసలనే ఉంటి. ఉరికెటప్పుడు గూడ ముందు వరుసలనే ఉంటి. మైకు ఏడ పడేసిన్నో తెల్వది. దుకాణంల జొరబడి షటర్ సగం గుంజి, కింద సందుల నుంచి చూసిన.

నలుగురు ఆడోళ్లు లేవలేకపోయిన్రు. చేతులల్ల మసిబట్టలు, మసిబట్టలల్ల మరిగే గంజి బగోన. ఎవలన్న ఒక్క నూకు నూకితే గంజంత మీద పడుతది. దించుదామంటే తొక్కులాట. గప్పుడు ఎనక వరుసకెళ్లి వీడు లేసిండు. జనమంత ఇటు ఉరుకుతుంటె వీడొక్కడు అటు నడిచిండు. ఉరకలే, మెల్లగ, దవాఖానకు పోయినట్టు నడిచిండు. పోయి పొయ్యికి పోలీసులకు నడుమల నిలవడ్డడు. చేతులు జేబులల్ల, చెవులకు డిప్పలు, తల ఊగుతుంది. “జరుగు! ఏయ్, జరుగు!” అని వాళ్లు ఒర్రుతున్నరు. వాడు తల ఊపుకుంట గట్లనే ఉన్నడు. లాఠీ ఎడమ చెవి మీద పడ్డది. డిప్ప పలిగింది. మనిషి కూలిండు. గంతసేపట్ల ఆడోళ్లు బగోన దించి పక్కకయిన్రు.

తెల్లారి పేపర్ల ఫోటో. లాఠీల ముంగట ఒక్కడు, డిప్పలతోని. కింద రాసిన్రు, చెవులల్ల ఉద్యమ పాట పెట్టుకోని లాఠీలకు ఎదురు నిలిచిన ఉద్యోగి అని. ఊరంత పరేషాన్. దవాఖాన మంచం కాడికి జనం ఉద్యమ పాటల సీడీలు తీసుకోని పోయిన్రు, వాక్‌మన్ల సీడీలు పట్టవన్న సోయి లేదు ఒక్కనికి.

నేను ఊకుంటనా? వెయ్యి స్పీచులు ఇచ్చిన నా ఫోటో లేదు, బర్రెల కాంపౌండర్ ఫోటో పేపర్ల! చాయ్ హోటల్ల కూసోని చెప్పిన. “ఉద్యమ పాటనా? తలకాయనా? వాడు వినేది ఇంగ్లీషోళ్ల ఒర్రుడు. పోలీసులు వచ్చింది గూడ తెల్వది వానికి. వినవడలే. వినవడక నిలవడ్డడు. తల ఊపుడు చూడలేదా మీరు?” తల ఊపి చూపెట్టిన. హోటలంత పడి పడి నవ్విన్రు. రెండు దినాలు వాడు హీరో, మూడో దినంకెళ్లి జోకు. ఊరు ఊరంత అదే చెప్పుకున్నది. పెండ్లిళ్లల్ల గూడ నన్ను కూసోబెట్టి మల్ల మల్ల చెప్పిచ్చుకున్నరు.

కట్టు కట్టుకోని వాడు హోటల్‌కు వచ్చిన దినం ఎవలో అడగనే అడిగిన్రు. “నిజమేనా అన్నా? వినవడలేదా?”

వాడు నా దిక్కు చూసిండు. జరంత నవ్విండు. “తమ్మి చెప్పిండు గద,” అన్నడు.

ఎడమ చెవి ఇగ రాలే. నెల దినాలకు నా దుకాణం ముంగట నిలవడి, “ఎడమ దిక్కోడు పోయిండు తమ్మీ,” అన్నడు. ఎవలో సచ్చిపోయిన్రనుకున్న. గిటార్ వాడట. పలిగిన డిప్పకు గొడ్ల గాయాలకేసే ప్లాస్టర్ చుట్టుకున్నడు. అటెనక ఒక కొత్త అలవాటు చేసిండు. ఒకనాడు డిప్పలు సక్కగ పెట్టుకుంటుండె, ఇంకొకనాడు తిప్పి పెట్టుకుంటుండె, ఎడమది కుడి చెవికి వచ్చేటట్టు. “ఒకనాడు వీన్ని వింట, ఒకనాడు వాన్ని వింట. ఇద్దర్ని ఒక్కతాన కూసోబెట్టుడైతే ఇగ కాదు,” అన్నడు. గది గూడ నేను హోటల్ల చెప్పి నవ్విచ్చిన.

రాష్ట్రం వచ్చింది. దెబ్బలు తిన్నోళ్లకు సన్మానం చేద్దామని కమిటోళ్లు లిస్టు టైప్ చెయ్యనీకి నా దగ్గరికి తెచ్చిన్రు. దాంట్ల వాని పేరుండె. గదే టైముకు వాడు ఏదో కాయితం జిరాక్స్ తీయిచ్చుకోనీకి వచ్చి కౌంటర్ కాడ నిలవడ్డడు, డిప్పలతోని. నేను పేరు కొట్టేసిన. “ఎందుకన్నా?” అన్నరు కమిటోళ్లు. “వినవడక నిలవడ్డోనికి శాలువ కప్పుతె రేపు కరెంటు స్తంభానికి గూడ కప్పాలె,” అన్న. అందరు నవ్విన్రు. వాడు గూడ తల ఊపిండు. కాయితం తీసుకోని పోయిండు. శాలువ నాకు కప్పిన్రు.

పోయిన మూడో నాడు వాని ఇంటికి పోయిన. పోకుంటె బాగుండదని పోయిన. వదినె గోడకానుకోని కూసున్నది. నన్ను చూసి లేసి లోపటికి పోయి వాక్‌మన్ తెచ్చింది, డిప్పలతో సహ.

“సెల్లులు అయిపోయినయి తమ్మీ. దినాల నాడు ఫోటో ముంగట పెట్టి పాట పెడ్దామనుకుంటున్న. జర ఏసియ్యి,” అన్నది.

“నేనే ఏసి తెస్త వదినె.”

“ఔ, నువ్వే ఎయ్యి. ఆ దినం తీసింది గూడ నువ్వే గద.”

“ఏ దినం?” అన్న. ఏ దినమో నాకు తెల్సు.

“వంటావార్పు నాడు. నీ మైకు ఆగితే దీంట్ల సెల్లులు గుంజుకపోయినవట గద. ఉత్త డిప్పలే పెట్టుకోని పోయిన అని కట్టు కట్టినంక చెప్పిండు నాకు, నవ్వుకుంట.”

“మరి తల ఎందుకు ఊపిండు వదినె?”

“భయమైతే లోపట పాడుకుంటడు గద ఆయన. ఇన్నేండ్లు చూసినవు, గిది తెల్వదా నీకు?”

“మరి ఎవలకన్న చెప్పొద్దా?”

“నేను చెప్తనన్న. ఊరంత నవ్వుతుంటె నా కడుపు రగలదా? ఆయనే వద్దన్నడు. తమ్మి నోటితోని బతికెటోడు, ఇజ్జత్ పోతే మల్ల మైకు పట్టలేడు, నాదేముంది, నేను మాట్లాడెటోన్ని కాదు గద అన్నడు.” ఆమె కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. నన్ను ఒక్క మాట అనలే. ఒక్క మాట అన్నా బాగుండు.

మర్చిపోయిన అని చెప్తే అబద్ధం. ఎప్పుడు మర్చిపోలే, యాదికి తెచ్చుకోలే, గంతే. హోటల్ల తల ఊపి చూపెట్టిన ప్రతిసారి నాకెరుక, ఆ సెల్లులు నా మైకుల ఉండెనని. మైకు నేను రోడ్డు మీద పడేసి ఉరికిన్నని.

తొవ్వల రెండు పెన్సిల్ సెల్లులు కొన్న. దుకాణం దాక ఎందుకని నిలవడి ఏసిన. నడుస్తుందో లేదో చూడాలె గద అని డిప్పలు చెవులకు పెట్టుకోని బటన్ నొక్కిన. గదే లొల్లి. ఒక్కటి చెప్తున్న, ఆ పాట నాకు ఇప్పటికి నచ్చలే. ఎడమ చెవుల ఒకడు, కుడి చెవుల ఒకడు, నా నెత్తిల కొట్లాడుకుంటున్నరు. నడిచిన.

నడుస్తుంటె ఆటో హారన్ వినవడ్డది. ఉల్లిగడ్డల బండాయన కేక వినవడ్డది. చర్చి గంట గూడ వినవడ్డది. ఇదేందని గుండ్రటి బటన్ తిప్పి పాట పెంచిన. అయినా వినవడుతుంది. స్పాంజి డిప్పలు, అవి చెవులను మూస్తయా ఏంది? చౌరస్తాకు వచ్చిన. చాయ్ హోటల్ ముంగట రోజు కూసునెటోళ్లే కూసున్నరు.

“చూడుండ్రి, బర్రెలాయన పాయె, జిరాక్సాయన వచ్చె,” అన్నడు ఒకడు.

“డిప్పలు పెట్టుకుంటె గీయనకు గూడ తెలివి తక్కువైతదేమో!”

“ఉన్నదా తక్కువ కానీకి? గట్టిగనే అనుండ్రి, వినవడదు తియ్.”

మూడు బారల దూరం. ఒక్కొక్క మాట సాఫ్‌గ వినవడ్డది. అందరు నా దిక్కే చూస్తున్నరు. ఏం చెయ్యాల్నో సమజ్ కాలే. జరంత నవ్వి, తల ఊపిన.

ఊపినంక సమజయింది. దుకాణం ముంగట, గన్నేండ్లు, రోజు. కౌంటర్ కాడ, కరెంటు స్తంభం అన్న నాడు. ఆయన అన్ని విన్నడు.

డిప్పలు తీసి మెడల ఏసుకోని పోయి వాళ్ల నడుమల నిలవడ్డ. “ఒక మాట చెప్పాలె,” అన్న. “వంటావార్పు నాడు ఆయన వాక్‌మన్ల సెల్లులు లేవు. నా మైకుల ఉండె. నేనే తీసిన. పోలీసులు ఒర్రింది ఆయనకు వినవడ్డది. వినవడే నిలవడ్డడు. ఉరికింది నేను.”

అటెనక హోటలాయన బల్ల మీద అరచేయి కొట్టి, “ఇది ఇంక మంచిగుందన్నా!” అన్నడు. అందరు ఒక్కసారి పక్కున నవ్విన్రు. ఎనక బల్ల మీదోళ్లు లేసి దగ్గరికి వచ్చిన్రు. “మేము సక్కగ వినలేదన్నా, మల్ల చెప్పు,” అన్నరు.

మల్ల చెప్పిన. మల్ల నవ్విన్రు.